చేతిపని జాతర – చెయ్యి ఎవరిది?

1

నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక విద్యార్థి 2023 అక్టోబరులో ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన వాలెజో అనే పట్టణం ఉంది. ఒకప్పుడు అమెరికా నౌకాదళానికి ఓడలు కట్టి, 1996లో మూతపడ్డ మేర్ ఐలండ్ కార్ఖానా అక్కడే ఉంది. ఆ పాత షెడ్లలో జరిగిన ‘మేకర్ ఫెయిర్’కు పిల్లల్ని తీసుకుపోయి వచ్చాడట. ఇంట్లో, గ్యారేజీలో, సెలవు రోజుల్లో సొంత చేతులతో ఏవేవో చేసుకునేవాళ్లంతా వాటిని తెచ్చి నలుగురికీ చూపించే జాతర అది. “సార్, ప్రతి బల్ల వెనకా దాన్ని చేసిన మనిషే నిలబడి ఉన్నాడు. అడిగితే ఎట్ల చేసిండో చెప్తడు, ఎక్కడ చెడగొట్టుకున్నడో గూడ చెప్తడు. మన సాహిత్య సభల్ల ఇట్లెందుకుండదు సార్?” అని నవ్వాడు.

నవ్వుతూ అడిగిన ప్రశ్నే గాని తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఆ జాతర గురించి దొరికినంత మేరకు చదివాను. చదివిన కొద్దీ ఇది ఇంజనీర్లకు వదిలేయవలసిన విషయం కాదనిపించింది. శ్రమకూ సృజనకూ ఉన్న సంబంధం ఏమిటి? చేసినవాడి పేరు ఎప్పుడు పైకి వస్తుంది, ఎప్పుడు అణగిపోతుంది? పనిని చూసే చూపులో వర్గం ఎక్కడ దాక్కుంటుంది? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు సంఘంగా ఏర్పడిన నాటి నుంచి మన విమర్శ అడుగుతూ వస్తున్న ప్రశ్నలే ఇవి. ఒక రచనను చదివినట్టే ఒక జాతరను కూడా చదవవచ్చు. దాని వస్తువేమిటి, దాని రూపమేమిటి, అది ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో? ఈ వ్యాసంలో నేను చేయబోయేది అదే. చివరికి ఆ ప్రశ్నలు నా మీదికే తిరిగివచ్చాయి. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

2

ముందుగా వాస్తవాలు. 2005 మొదట్లో కాలిఫోర్నియాలోని ఓరైలీ అనే సాంకేతిక గ్రంథాల ప్రచురణ సంస్థ నుంచి ‘మేక్’ అనే పత్రిక వెలువడింది. దాన్ని మొదలుపెట్టినవాడు డేల్ డోహర్టీ. పనికొచ్చేవీ పనికిరానివీ ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్లు తమ తయారీ పద్ధతిని బొమ్మలతో సహా విప్పి చెప్పే పత్రిక అది. మరుసటేడు, 2006 ఏప్రిల్‌లో, ఆ పత్రిక చుట్టూ చేరిన వాళ్లను శాన్ మటేయో సంత మైదానంలో ఒకచోట కలిపారు. రెండు రోజుల్లో సుమారు ఇరవై వేల మంది వచ్చారు. తర్వాత ఇది ఊళ్లు దాటింది. 2010లో డెట్రాయిట్‌కూ న్యూయార్క్‌కూ వెళ్లింది, 2012లో చైనాలోని షెన్‌జెన్‌కు చేరింది. 2014 జూన్ 18న సాక్షాత్తు వైట్‌హౌస్‌లోనే ఈ జాతర జరిగింది. పదిహేడడుగుల ఎత్తున్న ఒక యంత్రపు జిరాఫీని అధ్యక్షుడు ఒబామా ఆ రోజు చూశాడు. ఒక మనిషి తన సరదా కొద్దీ చేసుకున్న జిరాఫీ అది.

ఈ జాతరలో మెచ్చుకోవలసిన గుణాలు మూడున్నాయి. వాటిని చెప్పకుండా తప్పులు పట్టడం విమర్శ కాదు.

మొదటిది: అంగట్లో కొని, చెడిపోతే పారేసే బతుకులో, వస్తువును విప్పి చూసే హక్కు మనిషికుందని ఇది చాటుతుంది. మర బిగించి, సీలు వేసి, విప్పితే గ్యారంటీ పోతుందని బెదిరించే కంపెనీల కాలంలో ఇది చిన్న విషయం కాదు. రెండోది: పిల్లవాడు బల్ల దగ్గర కూర్చుని సోల్డరింగ్ చేసి, చిన్న దీపం వెలిగించుకుని ఇంటికి తీసుకుపోతాడు. నేర్చుకోవడం అక్కడ చేతితో మొదలై తలకు ఎక్కుతుంది. మన బడుల్లో మేము చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. మూడోది నా విద్యార్థి చెప్పినదే: చేసినవాడు చేసినదాని పక్కన నిలబడి ఉండటం. ఓటమిని కూడా చెప్పుకోవడం.

ఈ మూడో గుణం దగ్గర కాస్త ఆగాలి. మనిషి పనికీ తేనెటీగ పనికీ తేడా ఏమిటన్న చర్చ మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో (1867) చేశాడు. చేయబోయేది ముందుగా తలలో రూపు కట్టడమే మనిషి పని లక్షణమని ఆయన తేల్చాడు. ఆ తలనూ చేతినీ విడదీసి, ఆలోచన ఒకడికీ కదలిక మరొకడికీ పంచిపెట్టిన పద్ధతినే మనం పరాయీకరణ అంటున్నాం. రోజంతా తెర ముందు కూర్చుని ఎవరి కోసమో తెలియని ప్రోగ్రాంలో ఒక ముక్క రాసే ఉద్యోగి, ఆదివారం తన గ్యారేజీలో మొదటి నుంచి చివరి దాకా ఒక బొమ్మబండి తానే చేసుకుంటే, తెగిపోయిన తలనూ చేతినీ ఒక్క పూట అతికించుకుంటున్నాడన్నమాట. ఆ సంతోషం అబద్ధం కాదు. దాన్ని వెక్కిరించే విమర్శకుడు శ్రమలో ఉన్న ఆనందం ఎరగనివాడు.

అయితే ఆదివారం ఆనందం సోమవారాన్ని మార్చదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

3

ఈ జాతరకు పూర్వచరిత్ర ఒకటుంది. 1975 మార్చిలో అదే కాలిఫోర్నియాలో, మెన్లో పార్క్ అనే ఊళ్లో ఒక గ్యారేజీలో కొందరు సరదాగాళ్లు ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’ పేరుతో కలిశారు. ఎవరు ఏది కనిపెట్టినా తక్కినవాళ్లకు చూపించడం, సర్క్యూటు బొమ్మలు పంచుకోవడం వాళ్ల ఆచారం. స్టీవ్ వోజ్నియాక్ తన తొలి కంప్యూటరును చూపించింది అక్కడే. దాన్ని 1976లో ఆపిల్ కంపెనీగా మార్చినవాళ్లలో అతనూ ఒకడు. అదే ఏడు ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఇటువంటి అభిరుచిపరులందరికీ ఒక బహిరంగలేఖ రాశాడు. మా ప్రోగ్రాంను డబ్బు కట్టకుండా నకలు తీసుకుంటున్నారు, ఇది దొంగతనమని ఆ లేఖ సారాంశం. పంచుకోవడం ఆచారంగా ఉన్న చోట, అదే ఆచారం నేరమయింది. ఒక ఉమ్మడి చేను చుట్టూ గట్టు వేసిన రోజు అది.

రాసిన మనిషికి కూలి ముట్టాలన్న మాటలో న్యాయం లేదని నేననను. రచయితలమైన మనం ఆ మాట అనలేం. నా అభ్యంతరం మరొకటి. పంచుకున్నవాళ్లందరి తెలివీ కలిసి పెరిగిన పంట, చివరికి గట్టు వేసినవాళ్ల గాదెలోకే పోయింది.

మేకర్ ఫెయిర్‌లోనూ ఆ గట్టు ఛాయలు కనబడతాయి. 2012లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ‘డార్పా’ నుంచి, హైస్కూలు పిల్లలకు ఈ చేతిపనులు నేర్పించే పథకానికి నిధులు వచ్చాయి. ఆ డబ్బును ‘మేక్’ సంస్థ ఒప్పుకున్నందుకు మిచ్ ఆల్ట్‌మన్ ఆ ఏడు జాతరలో పాల్గొననని బహిరంగంగా ప్రకటించాడు. బహిరంగ స్థలాల్లో మోగే టీవీలను ఒక్క మీట నొక్కి ఆర్పేసే తమాషా పరికరం చేసినవాడూ, శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘నాయిస్‌బ్రిడ్జ్’ అనే ఉమ్మడి పనిశాల పెట్టినవాళ్లలో ఒకడూ ఈ ఆల్ట్‌మన్. తర్వాత చాలామంది అతనితో వాదించారు, డబ్బు ఎక్కడిదైతేనేం పిల్లలకు మేలే కదా అన్నారు. అవార్డుల విషయంలో, ప్రభుత్వ అకాడమీల విషయంలో మన రచయితలు వాదించుకున్న వాదన ఇదే కాదా? సరదా బొమ్మ కూడా ఎవరో ఒకరి నీడలో నిలబడుతుంది. ఆ నీడ ఎవరిదో అడిగినవాడు ఆ రంగస్థలం మీద ఆల్ట్‌మన్.

2019 జూన్‌లో ఈ జాతరలను నడిపిన ‘మేకర్ మీడియా’ కంపెనీ డబ్బు చాలక పని ఆపేసి, ఉన్న ఇరవై రెండు మంది సిబ్బందినీ తీసేసింది. డోహర్టీ తర్వాత దాన్ని మరో పేరుతో, ‘మేక్ కమ్యూనిటీ’గా నిలబెట్టుకున్నాడు. వాలెజోలో 2023లో జరిగింది ఆ పునర్జన్మే. ఒక సముదాయపు పండుగ కూడా కంపెనీ రూపంలోనే బతకాలంటే, దాని ఆయుష్షు పెట్టుబడి చేతిలోనే ఉంటుందని ఈ సంఘటన చెబుతోంది. మన తిరునాళ్లకు ఇన్వెస్టర్లు లేరు. అందుకే అవి వందల ఏళ్లుగా జరుగుతున్నాయి. వాటిలో వేరే చెడుగులున్నాయి, అది వేరే సంగతి.

ఇక అసలు ప్రశ్న: ఈ జాతరలో ‘చేసేవాడు’ ఎవరు? 2013లో లియా బ్యూక్లీ అనే పరిశోధకురాలు స్టాన్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ, ‘మేక్’ పత్రిక తొమ్మిదేళ్ల ముఖచిత్రాలను లెక్కపెట్టి చూపించింది. అట్టల మీద ఉన్నవాళ్లలో 85 శాతం మగవాళ్లూ మగపిల్లలే. తెల్లవాళ్లు కానివాళ్లు ఒక్కరూ లేరు. ఈవిడ బయటివ్యక్తి కాదు. విద్యుత్తు పారే దారంతో బట్ట మీద సర్క్యూటు కుట్టడానికి వీలయ్యే ‘లిలీపాడ్’ పరికరాన్ని రూపొందించి, కుట్టుపనిని ఎలక్ట్రానిక్స్‌లోకి తెచ్చిన మనిషి. 2015లో డెబీ చచ్రా అనే ఇంజనీరింగ్ ఉపాధ్యాయురాలు ‘నేను మేకర్‌ను ఎందుకు కాను’ అన్న అర్థం వచ్చే పేరుతో అట్లాంటిక్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. వస్తువు తయారుచేయడాన్నే ఘనకార్యంగా పొగిడితే, పిల్లల్ని పెంచేవాళ్లూ పాఠం చెప్పేవాళ్లూ రోగికి సేవచేసేవాళ్లూ చెడినదాన్ని బాగుచేసేవాళ్లూ చేసేదంతా లెక్కలోకి రాకుండా పోతుందని ఆమె వాదం. బల్ల మీద పెట్టి చూపించడానికి వీలు కాని పని, పని కాకుండా పోతుంది. ఆ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లది.

ఈ లెక్కలోకి రానివాళ్లు మరికొందరున్నారు. ఆ జాతరలో సరదాగా వాడే చిన్న చిన్న సర్క్యూటు పలకలను, మోటార్లను, తీగలను షెన్‌జెన్ లాంటి చోట్ల కార్ఖానాల్లో ఎవరో షిఫ్టుల్లో నిలబడి చేస్తారు. వాళ్లూ చేసేవాళ్లే. కాని వాళ్లు ‘మేకర్లు’ కారు, కార్మికులు. సెలవు రోజున ఇష్టంతో చేస్తే సృజన, పని రోజున కూలికి చేస్తే ఉత్పత్తి. ఒకే రకం వేళ్లు, ఒకే రకం వస్తువు. మధ్యలో గీత గీసింది చేతి నైపుణ్యం కాదు, తీరిక. తీరిక ఎవరికుందో వర్గం చెబుతుంది.

4

ఈ గీతను చెరిపేయాలని ఇంగ్లండులో ఒకాయన ప్రయత్నించాడు. విలియం మోరిస్ కవి, నేతగాడు, అద్దకంవాడు, సోషలిస్టు. 1861లో మిత్రులతో కలిసి చేతిపని వస్తువుల కంపెనీ పెట్టాడు. యంత్రం కక్కే నాసి సరుకుకు బదులు అందమైన వస్తువు ప్రతి ఇంట్లో ఉండాలనుకున్నాడు. జరిగిందేమిటంటే, చేతిపని ఖరీదు కాబట్టి ఆయన పరదాలూ గోడకాగితాలూ ధనికుల భవనాల్లోకే చేరాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు, బాధపడ్డాడు కూడా. 1883లో సోషలిస్టు ఉద్యమంలోకి వెళ్లడానికి ఆ బాధ ఒక కారణం. పని అంటే శిక్ష కాని సమాజం ఎలా ఉంటుందో 1890లో ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’ అనే నవలలో ఊహించి చూశాడు.

ఆయన ప్రభావంతో పుట్టిన కళాకారుల సంఘం 1888లో లండనులో మొదటి చేతిపనుల ప్రదర్శన పెట్టింది. ఆ ప్రదర్శన జాబితాల్లో నమూనా గీసినవాడి పేరుతో పాటు, దాన్ని చేతులతో చేసిన పనివాడి పేరు కూడా అచ్చువేయాలన్న నియమం పెట్టుకున్నారు. నా దృష్టిలో ఆ ఉద్యమపు సిద్ధాంతగ్రంథాలన్నిటికంటే ఆ చిన్న నియమం విలువైనది. పేరు వేయడం అంటే మర్యాద చేయడం మాత్రమే కాదు. ఈ వస్తువు తనంతట తాను పుట్టలేదని ఒప్పుకోవడం.

మన దేశంలో ఆ పని చేసింది 1980ల చివర అహ్మదాబాదులో అనిల్ గుప్తా మొదలుపెట్టిన ‘హనీబీ’ బృందం. పల్లెల్లో రైతులు, పనివాళ్లు కనిపెట్టినవాటిని సేకరించాలి, కనిపెట్టినవాడి పేరు వేయాలి, అతని భాషలోనే తిరిగి అతనికి చెప్పాలి, లాభం వస్తే అతనికి వాటా ఉండాలి. ఇవి వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు. భాష విషయం అందులో చేర్చినందుకు తెలుగు ఉపాధ్యాయుడిగా నాకు గౌరవం. తెలుగు నేల మీద ఈ పనిని 2005 నుంచి హైదరాబాదులో ‘పల్లె సృజన’ సంస్థ చేస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2019లో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో జిల్లా కేంద్రాల్లో ఆగస్టు 15న ఇటువంటి ప్రదర్శనలు మొదలుపెట్టింది. ఆ పేరులో రెండో సగం ఇంగ్లీషు మాట ఎందుకయిందో ఆలోచించండి. పనిమంతుడు, కమ్మరి, వడ్రంగి, మేస్త్రీ ఇన్ని మాటలున్న భాషలో, గౌరవం ఇవ్వాలనుకోగానే పరభాషా పదం తెచ్చుకోవలసి వచ్చింది. ఎందుకంటే మన మాటల్లో పనితో పాటు కులం కూడా ఉంది. ఆ కులానికి మనం గౌరవం ఇవ్వలేదు కాబట్టి ఆ మాటకూ గౌరవం లేకుండా పోయింది.

5

ఇక్కడ చింతకింది మల్లేశం గురించి చెప్పుకోవాలి. ఆలేరు దగ్గర శారాజీపేట ఊరి చేనేత కుటుంబం. ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి తరహా చీరకు నూలును ముందుగా కట్లు కట్టి రంగులద్దుతారు. దానికంటే ముందు నూలును అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ ఒక్కొక్క పోగే చుట్టాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ సాగాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లది. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో, ఈ పని ఇక నావల్ల కాదనే స్థితికి వచ్చింది. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, నవ్వులపాలై, 1999లో అతను ఆసు యంత్రం పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

కాలిఫోర్నియా జిరాఫీ పక్కన ఈ ఆసు యంత్రాన్ని పెట్టి చూడండి. రెండూ ఒంటరి మనుషుల పట్టుదలతో పుట్టినవే, రెంటిలోనూ తెలివి ఉంది. ఒకటి తీరికలోంచి పుట్టింది, మరొకటి నొప్పిలోంచి పుట్టింది. నొప్పిలోంచి పుట్టింది కాబట్టి రెండోది గొప్పదని నేననను. అట్లా అంటే బీదవాడికి ఆడుకునే హక్కు లేదన్నట్టే అవుతుంది. నేను కోరేది, ఆసు పోసే తల్లికి కూడా ఒక జిరాఫీ చేసుకునే తీరిక దొరకాలని.

2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమాను (దర్శకుడు రాజ్, మాటలు పెద్దింటి అశోక్ కుమార్) మా బడి పిల్లలతో కలిసి చూశాను. తల్లి చేతి కదలికను కెమెరా ఓపికగా చూడటం, తెలంగాణ పలుకును హాస్యానికి కాక బతుక్కి వాడటం ఆ సినిమా బలం. తెలుగు తెర మీద ఒక ఆడమనిషి భుజం నొప్పి కథావస్తువు కావడమే పెద్ద విషయం. కాని జీవితచరిత్ర సినిమాకు ఒక రూపబంధం ఉంది: ఒక్కడు, అతని కల, ఎదురుదెబ్బలు, గెలుపు. యంత్రం తిరగగానే కథ ముగుస్తుంది. చేనేత కథ మాత్రం అక్కడ ముగియదు. కొన్ని రకాల వస్త్రాలను మగ్గానికే వదలాలని 1985లో కేంద్రం చట్టం చేయవలసి వచ్చిందంటే, పోటీ ఎంత దారుణంగా ఉందో ఊహించుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ డిజైనును బట్ట మీద అచ్చు గుద్ది చవగ్గా అమ్మే మిల్లు సరుకు ఆగలేదు. భుజాన్ని కాపాడే యంత్రం ఒకటి, పొట్ట కొట్టే యంత్రం ఒకటి. రెంటినీ ఒకే మాటతో ‘టెక్నాలజీ’ అని పొగడటం గాని తిట్టడం గాని తెలివితక్కువ. ఇంగ్లండులో 1811 ప్రాంతాల్లో మగ్గాలు విరగ్గొట్టిన లడ్డైట్లు కూడా యంత్రమనే దాని మీద పగబట్టలేదు. తమ కూలి కోసే యంత్రాలను ఏరి విరగ్గొట్టారు.

గంటన్నరలో ఆసు అయిపోయాక మిగిలిన ఆ మూడు గంటలూ ఆ తల్లికి దక్కాయా, మరో రెండు చీరల కిందికి పోయాయా? కథకుడికి అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

6

ఇప్పుడు నా సంగతి. నేను పనిచేసిన ఒక బడిలో కొన్నేళ్ల కింద సైన్స్ ప్రదర్శన పెట్టారు. నేను తెలుగు పంతులునే అయినా, న్యాయనిర్ణేతల్లో ఒకడు తక్కువైతే నన్ను కూర్చోబెట్టారు. వరసగా థర్మోకోల్ ఆనకట్టలు, రంగుదీపాల సౌరకుటుంబాలు, బజారులో కొని అతికించిన గాలిమరలు. చివరి బల్ల మీద ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక పాత సైకిల్ చక్రం పెట్టింది. చక్రం అంచుకు రేకు ముక్కలు, మధ్య ఇరుసుకు ఒక పాత కుట్టుమిషను తొక్కుడు పలక తగిలించి ఉన్నాయి. నూలు చుట్టుకునే సాధనం. తండ్రీ తనూ కలిసి చేశారట. నూనె మరకలు, తుప్పు. పక్కన చార్టు లేదు.

“ఇందులో సైన్సు సూత్రం ఏమిటమ్మా?” అని అడిగాను. చెప్పలేకపోయింది. “కాలితో తొక్కుతే అమ్మకు చెయ్యి గుంజదు సార్” అంది. మార్కుల కాగితం మీద ‘వివరణ లేదు’ అని రాశాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి చక్రాన్ని తీసుకుపోతానంది. ప్రదర్శన సాయంత్రం దాకా ఉంటుంది, అప్పటిదాకా ఉంచాలని కాస్త గట్టిగానే చెప్పాను. “ఉంచనీకి రాదు సార్, ఇంట్ల పనాగుతది” అని చక్రం భుజాన వేసుకుని వెళ్లిపోయింది. బహుమతి థర్మోకోల్ ఆనకట్టకు వచ్చింది. సాయంత్రం ఆ ఆనకట్టను బడి వెనక పారేశారు.

అదే వారం, అదే తరగతిలో నేను శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’ పాఠం చెప్పాను. కుమ్మరి, కమ్మరి, సాలె వీళ్ల పనిముట్లను తెలుగు కవిత్వపు గర్భగుడిలోకి తెచ్చిన ఘట్టం గురించి, ఒళ్లు పులకరించేటట్టు చెప్పాననే అనుకున్నాను. ఆ అమ్మాయి మూడో వరసలో కూర్చుని విన్నది. కవితలో సాలె మగ్గానికి చేతులు జోడించినవాణ్ని, బల్ల మీద సాలె పనిముట్టుకు మార్కులు వేయలేకపోయాను. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదని ఆ రోజు నాకు తట్టలేదు. నా విద్యార్థి ఫోన్ పెట్టేశాక తట్టింది.

తప్పు నా ఒక్కడి దయాదాక్షిణ్యాలకు సంబంధించినదైతే ఈ పత్రికకు ఎక్కించేవాణ్ని కాదు. అది ఒక చూపుకు సంబంధించినది. శ్రమను చిహ్నంగా గౌరవించడం మనం నేర్చుకున్నాం, శ్రమను వివరంగా చూడటం నేర్చుకోలేదు. సుత్తీ కొడవలీ నాగలీ మన కవితల్లో వందల సార్లు వచ్చాయి. ఆ సుత్తి పిడి ఏ కర్రతో చేస్తారో, ఎందుకు అదే కర్రతో చేస్తారో ఎన్ని కవితల్లో ఉంది? చిహ్నం అయిన పనిముట్టు బల్ల మీది ప్రదర్శన వస్తువు. పని ఆగుతుందని సాయంత్రం ఇంటికి తీసుకుపోవలసిన పనిముట్టు వేరు.

7

భాషలోనే దీనికి రుజువుంది. ఒకడు తీరిక లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటే ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అంటాం. ఎంత చక్కని జాతీయం! మగ్గం గుంట పక్క నుంచి పుట్టిన మాట. కాని అందులో కండె ఉంది, ఆసు ఉంది. కండెను పట్టుకుని 9 వేల సార్లు సాగిన చెయ్యి మాత్రం లేదు. కండె తనంతట తానే తిరుగుతున్నట్టు మన జాతీయం నమ్మించింది. తరతరాలుగా ఆ మాట వాడుతూ మనం భుజం నొప్పిని మరిచిపోయాం.

మరొక వైపు, మన రచనకు మనం పెట్టుకున్న మాటలన్నీ పనివాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్నవే. పాట కడతాం, కథ అల్లుతాం, కథకు పడుగూ పేకా కుదిరాయంటాం, పద్యంలో పనితనం ఉందంటాం. అప్పు తెచ్చుకున్నవాడు కనీసం అప్పిచ్చినవాడి గడప తొక్కాలి.

అందుకని నా విద్యార్థి ప్రశ్నకు జవాబుగా రెండు మాటలు. మొదటిది మన సభల గురించి. రచయిత తన రచన పక్కన నిలబడి, ఎట్లా కట్టాడో, ఎక్కడ తెగిందో, ఎన్ని సార్లు విప్పి మళ్లీ కట్టాడో చెప్పే సభలు మనకు కావాలి. ఇప్పుడు మనవి సన్మాన సభలు, లేకపోతే తీర్పు సభలు. కొత్తగా రాసే పిల్లలకు శాలువా చూపిస్తున్నాం గాని, చిత్తుప్రతి చూపించడం లేదు. ఈ ఒక్క విషయంలో ఆ కాలిఫోర్నియా జాతర దగ్గర మనం మొహమాటపడకుండా నేర్చుకోవచ్చు.

రెండోది మన రచనల గురించి. కథకుడు చేనేత మీద కథ రాయదలిస్తే, ముందు ఒక పూట ఆసు ముందు కూర్చోవాలి. సానుభూతి తర్వాత సంగతి. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో, ఏ వేలు మీద పోగు కోసుకుంటుందో, పని చేసే మనిషి మధ్యలో ఏం మాట్లాడుతుందో, దేనికి నవ్వుతుందో చూడాలి. చదువుకునే విద్యార్థులు కూడా పాత రచనల్లో పనివాడు ఉన్నాడా లేడా అని మాత్రమే లెక్కపెట్టకుండా, అతని పని ఉందా లేదా అని చూడాలి. ఈ రెండూ ఒకటి కావు. చాలా కథల్లో పనివాడుంటాడు, అతను చేసే పని ఉండదు. ఆకలి ఉంటుంది, అన్యాయం ఉంటుంది, తెలివి ఉండదు. బాధితుడుగా తప్ప పనిమంతుడుగా అతన్ని చూడలేకపోవడం మన అభ్యుదయ సాహిత్యంలో మిగిలిపోయిన పెద్ద లోపమని నా అభిప్రాయం. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద లాండ్’ వృత్తికులాల పనిని ఒక జ్ఞానంగా చెప్పే ప్రయత్నం చేసింది. ఆ దారిలో కథలూ నవలలూ ఎక్కువ నడవాలి.

నేను బదిలీ అయ్యాక ఆ అమ్మాయి ఎక్కడ చదువుతున్నదో కనుక్కున్నాను. ఇంటర్లో చేరింది. వాళ్లింటికి వెళ్లాను. చక్రం ఇంకా ఉంది, రేకు ముక్కలు మార్చారు. తల్లి తొక్కుతూ ఉంది. ఈ సారి నేను సూత్రం అడగలేదు. రేకు ముక్కలు ఎందుకు మార్చవలసి వచ్చిందని అడిగాను. పోగు చిక్కుకుని తెగుతుంటే వంపు తగ్గించారట. ఆ అమ్మాయి నేల మీద సుద్దతో బొమ్మ గీసి, ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ రోజు నేను రాసిన ‘వివరణ లేదు’ అన్న మాట తప్పు. అడగవలసింది అడగలేదు, అంతే.